చీటీలో నంబరు

“మళ్లీ కుదరదంటోంది!” అంటూ బాబాయి అరచేత్తో బల్ల మీద ఒక్కటిచ్చాడు. ఆ దెబ్బకి పెన్ను కింద పడింది గాని, సర్వర్ మాత్రం చలించలేదు.

ఆ మందుల గోడౌన్లో లినక్స్ సర్వర్ని పదిహేనేళ్లుగా చూసుకుంటున్నది ఆయనే. ఆఫీసులో అందరికీ ఆయన బాబాయే. వారం కిందట భార్య మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. ఆరు వారాలు మంచం దిగకూడదన్నారు. ఈయనకా, సెలవులు అయిపోయాయి. సర్వర్లోని డేటాబేస్ ఇంటి నుంచి తెరుచుకుంటే ఉద్యోగమూ నిలుస్తుంది, ఆవిడ పక్కనా ఉండొచ్చు. అడగ్గానే మేనేజరు ఒప్పుకోవడమే వింత.

ఫోన్ మోగింది. భార్య.

“అయిందా అండీ?”

“అవుతోందే.”

“పొద్దున్నుంచీ అవుతూనే ఉంది. పక్కింటావిడ వచ్చేదాకా గుక్కెడు నీళ్లకి దిక్కులేదిక్కడ.”

“నన్నేం చేయమంటావు? బయటి నుంచి వచ్చేవాళ్లని రానివ్వమని ఒక ఫైల్లో రాశాను. రానివ్వొద్దని ఇంకో ఫైల్లో ఉంది. ఇది దాని మాటే వింటోంది. ఆ రెండోది రాసిన మహానుభావుడు దొరికితే చెబుతా!”

“ఎవరు రాశారు?”

“నేనే. పదేళ్ల కిందట.”

పళ్లు నూరుకుంటూ ఆ లైను చెరిపేశాడు. బయటివాళ్లని అడ్డుకునే ఫైర్‌వాల్లో దారి తెరిచాడు. సర్వీసుని ఆపి మళ్లీ మొదలుపెట్టాడు. ఇంతలో మేనేజరు స్వయంగా టీ పట్టుకొచ్చాడు.

“ఎంతవరకు వచ్చింది?”

“అయిపోయినట్టే సార్. ఏ ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి రానివ్వాలో దాని నంబరు కొట్టడమే. పొద్దున మీకు మా ఇంటిది రాసిచ్చాను కదా?”

మేనేజరు జేబులోంచి టైపు చేసిన చీటీ తీశాడు. “ఈ ఒక్క నంబరుకే పర్మిషన్ ఇవ్వండి. ఇంకెవరికీ వద్దు.”

బాబాయి చూసి చూసి కొట్టాడు. అన్నన్ని అంకెలు ఎవరికి గుర్తుంటాయి?

“చేసిందంతా ఓ కాగితం మీద రాసిపెట్టండి.”

“కాగితమెందుకు సార్? ఏదైనా తేడా వస్తే నాకు ఫోన్ చేయండి.”

“ఉండనివ్వండి, మంచిది.”

విసుక్కుంటూనే రెండు పేజీలు రాసిచ్చాడు. వెళ్తూ వెళ్తూ సర్వర్ గది తాళంచెవి కూడా తనే మేనేజరు చేతిలో పెట్టాడు. ఇంట్లో కూర్చునేవాడికి ఇక దాంతో పనేముంది?

సాయంత్రం మంచం పక్కనే కుర్చీ వేసుకుని లాప్‌టాప్ తెరిచాడు. ఈ చోటి నుంచి అనుమతి లేదంది సర్వర్. మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే మాట.

“ఇంకా అవలేదా?” అంది భార్య, దిండు సర్దుకుంటూ.

“నా ఖర్మ!” అని మేనేజరుకి ఫోన్ చేశాడు. “సార్, అంతా సరిగ్గానే చేశాను. అయినా ఓపెన్ కావట్లేదు.”

“ఓపెనయిందండీ,” అన్నాడు మేనేజరు నింపాదిగా. “కొత్తాయన అప్పుడే పని మొదలుపెట్టేశాడు.”