రోకలి పాటకు అనుమతి

ఉదయం పదింటికి సుభాషిణి కారం దుకాణం నెట్‌లో మూతపడింది. ప్రకటన వీడియోలో అత్తగారు మిరపకాయలు దంచుతూ పాడిన పాట ఒక కంపెనీ పేర నమోదై ఉందని నోటీసు వచ్చింది. అనుమతి చూపకపోతే ఆవకాయ సీజనంతా అమ్మకాలు ఉండవు.

కాసేపటికి దుకాణాన్ని నడిపే సైటు వాళ్ల విచారణ యంత్రం ఫోన్ చేసింది.

"ఈ పాట ఎక్కడ నేర్చుకున్నారు?"

"నేర్చుకోవడమేంటి నాయనా? రోకలి పడితే అదే వస్తుంది," అంది అత్తగారు వీరరాఘవమ్మ.

"కంపెనీ పాటలో రెండు చరణాలున్నాయి. మీకు మూడోది వచ్చా?"

సుభాషిణి ఫోన్‌ను అత్తగారి దగ్గరకు జరిపింది. దంపుళ్ల పాటలో చరణాలు ఎదురుగా ఉన్నవాళ్లను బట్టి పుడతాయి. ఆ సంగతి యంత్రానికి ఎలా చెప్పడం?

వీరరాఘవమ్మ రోకలి అందుకుంది.

"పొద్దెక్కె, జడలేదు, కోడలమ్మ సువ్వీ!
ఫోనులో కబుర్లాయె, పోటు వెయ్యి సువ్వీ!"

"అత్తయ్యా, యంత్రాన్ని తిట్టకండి!"

"తిట్టలేదే, పనికి పిలిచాను. ఇంకోటి పాడనా నాయనా?"

"చాలండి," అంది యంత్రం. "ఎప్పటికప్పుడు కట్టుకునే పాట ఒక్కరి సొత్తు కాదు. అనుమతి అక్కర్లేదు."

మధ్యాహ్నానికి దుకాణం తెరుచుకుంది. మొదటి ఆర్డరు తెనాలి నుంచి వచ్చింది.