పదకొండో పేరు

"ఒక్కరేనా?" టికెట్ల కిటికీలోంచి అడిగారు.

"ఒక్కణ్నే" అన్నాడు పెద్దాయన.

రాయచూరు నుంచి రెండు రైళ్లు మారి పెనుకొండలో దిగాడు. అక్కణ్నుంచి ఆటోలో ఈ లోయ పార్కుకు వచ్చాడు. అటూ ఇటూ నిట్టనిలువుగా ఎర్రటి కొండలు, నడుమ లోయ. ఒకప్పుడిది బంగారు గని. ముడిరాయి మోసిన చిన్న రైలుపెట్టెల్లో కూర్చుని ఇప్పుడు జనం ఫొటోలు దిగుతున్నారు. ఆదివారం. ఎక్కడ చూసినా కుటుంబాలే. పెద్దాయన ఎవరికీ అడ్డం రాకుండా, గుంపుకు నాలుగడుగులు వెనకే నడిచాడు.

గైడు పేరు సుమలత. ముప్పై ఏళ్లుంటాయి. మూసేసిన గని ముందు, పేర్లు చెక్కిన గోడ దగ్గర ఆగింది.

"నేను పుట్టకముందు మాట. పక్క సొరంగం నీళ్లు ఒక్కసారిగా దీంట్లోకి వచ్చి పడినాయి. పదకొండు మంది లోపలే ఉండిపోయినారు. శవాలు గూడా దొరకలేదు." చివరి పేరు మీద వేలు పెట్టింది. "ఈ ధనుంజయ మా నాయన. తప్పించుకునే దారి ఉండీ, వెనక్కి పోయి తోటోళ్లను పైకి పంపబోయినాడంట."

జనం గోడను ఫొటోలు తీసుకుని క్యాంటీను వైపు కదిలారు. పెద్దాయన కదల్లేదు.

"ఏం పెద్దాయనా, ఈడనే నిలబడినావు?"

"ఈ గనిలోనే పని చేసినానమ్మా. ఆ పొద్దు నాదీ అదే షిఫ్టు."

సుమలత మొహం మారిపోయింది. "మా నాయన తెలుసా?"

"తెలుసు. మీయమ్మ బాగుండాదా?"

"పోయిన ఏడాది పోయింది."

పెద్దాయన గోడకు చెయ్యి ఆనించాడు. చాలాసేపు తీయలేదు.

"ఆదివారమొస్తే ఇంతమందితో మాట్లాడతా. ఇంటికి పోతే పలకరించే మనిషి లేదు" అంది సుమలత. తర్వాత గొంతు తగ్గించింది. "ఒక్కటి అడుగుతా, నిజం చెప్పు. మా నాయన వెనక్కి పోయింది నిజమేనా? 'చూసినోళ్లు ఎవురు?' అని ఊర్లో నవ్వుతాండారు."

పెద్దాయన గోడ మీది చివరి పేరు వైపు చూశాడు.

"నిజమేనమ్మా. నీళ్లు నడుము దాకా వచ్చేసినాయి. 'నువ్వు పోప్పా' అని నన్ను నిచ్చెన మీదికి తోసినాడు. నేను పైకొచ్చినా. ఆయప్ప రాలేదు."

సుమలత చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆయన కాళ్లకు మొక్కబోయింది. పెద్దాయన నిప్పు తొక్కినట్టు వెనక్కి జరిగాడు.

"వద్దమ్మా, వద్దు."

"మా ఇంటికి రా పెద్దాయనా, ఒక ముద్ద తిని పోదువు. నీ పేరన్నా చెప్పలేదే?"

"రైలుకు టైమయింది తల్లీ" అంటూ ఆయన మెట్లెక్కేశాడు.

గని మునిగిన రోజు హాజరు వేయించుకుని కూడా, గనిలోకి దిగే ధైర్యం చాలక ధర్మవరంలో రైలెక్కి పారిపోయిన ధనుంజయ, కన్నకూతురి గొంతు వినడం ఇదే మొదటిసారి.