నూట ఒకటో వాక్యం

మార్చి తొమ్మిది, ఉదయం పదిన్నర.

కోడలికి,

నువ్వు ఇల్లు వదిలి ఇవాళ్టికి పదకొండో రోజు. రాజీకి రాస్తున్నానని అనుకోకు. ఒక లెక్క తేడా వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

బ్యాంకులో అంతమంది ముందు "అత్తయ్యా, సంతకం అక్కడ కాదు, ఇక్కడ!" అని నా చెవిలో కేక పెట్టావు. వరుసంతా మనవైపు తిరిగింది. ఇంటికొచ్చాక, "నోరు తగ్గించుకోలేనిదానికి నా ఇంట్లో చోటు లేదు" అన్నాను. "సరే, హాయిగా ఉండండి!" అని అదీ అరిచే చెప్పి వెళ్ళావు. అన్న మాట మీద ఇప్పటికీ నిలబడే ఉన్నాను.

చెవి మందగించాక మొదలుపెట్టిన, గోలలో మాట పట్టుకునే సాధన మాత్రం మానలేదు. ఇంట్లో అందరికన్నా ఎక్కువ మాట్లాడేవాళ్ళ గొంతుతో వంద వాక్యాలు రికార్డు చేయించమన్నారు వినికిడి డాక్టరు. ఇంకెవరు, నువ్వే! దానికి ఆయన సంత గోల కలిపి ఇచ్చారు. రోజూ విని, విన్నది రాస్తున్నాను. మొదటి రోజు వందకు ఇరవై రెండు పట్టుకున్నాను. ఇవాళ తొంభై ఒకటి.

డాక్టరు కాగితంలో ఉన్నవి వంద వాక్యాలే. రికార్డులో నూట ఒకటి ఉన్నాయి. ఆ చివరిదాన్ని నలభై రోజులుగా సంత గోలే అనుకున్నాను. ఇవాళ మాటగా వినపడింది:

"అత్తయ్యా, ఇది వినపడిన రోజు నాకు చెప్పండి. ఆ రోజు నుంచి అరవను. అరిచి అరిచి నా గొంతు పోతోంది."

ఇక జరగవలసినవి:

1. ఆదివారం లోపు నువ్వు రావాలి.
2. మెల్లగా మాట్లాడాలి. మిక్సీ ఆపనక్కర్లేదు.
3. నూట రెండో వాక్యం నేను చెప్పాలి. అది ఇలా ఉత్తరంలో రాసేది కాదు.