పైమెట్టు మీది సొర

మనుషులు రాసిన జాబితాలో నీ పేరు పైమెట్టు మీద ఉందని పీత చెప్పినప్పట్నుంచీ, కాళ్ళే లేని సుత్తితల సొరచేపకి కాళ్ళు నేలమీద ఆనలేదు. వెంటనే బంధువులందరినీ విందుకి పిలిచింది. వరసకి తమ్ముడైన పాలసొర పేరు రెండు మెట్లు కిందుందని, దాన్ని తీసుకెళ్ళి పంక్తి చివర కూర్చోబెట్టింది. పాలసొర కుళ్ళుకుంటూనే కూర్చుంది.

మధ్యలో నూరు విస్తళ్ళూ ఖాళీగా ఉన్నాయి.

“అన్నా, మనవాళ్ళేరీ?” అని పాలసొర ఆ చివర్నుంచి అరిచింది.

“పిలిచాను, ఒక్కడూ రాలేదురా!” అని సుత్తితల సొర ఈ చివర్నుంచి అరిచింది.

పీత నసిగింది. “అది అంతరించిపోతున్నవాళ్ళ జాబితా, నాయనా. ఎంత తక్కువమంది మిగిలితే అంత పైమెట్టు.”

పాలసొర గబుక్కున లేచింది.

“పైమెట్టు నీకే ఉండనీ అన్నా! నేను ఇంటికెళ్ళి మావాళ్ళని లెక్కపెట్టుకోవాలి.”