కార్బురేటర్ జోలికి ఎవరెళ్ళారు?

ట్యాపు తిప్పీ తిప్పగానే పెట్రోలు మళ్ళీ బొటబొటా కారింది.

అన్న బండి కిందికి రేకు తోశాడు. తమ్ముడు ట్యాపు కట్టేశాడు. "నిన్న సాయంత్రం బ్రహ్మాండంగా నడిచిందిగా," అన్నాడు, ఎవరినో దెప్పుతున్నట్టు.

అది వాళ్ళ నాన్న నడిపిన మోటార్ సైకిలు. ఆయన పోయాక పంపకాల దగ్గర అన్నదమ్ములు అన్నీ తెంచుకున్నారు, మాటలతో సహా. చివరికి మేనత్త మధ్యలో కూర్చుని తీర్పు చెప్పింది. ఇల్లు పెద్దవాడికి, బండి చిన్నవాడికి. తుప్పు పట్టిన ఆ బండిని మాత్రం ఇద్దరూ కలిసి బాగుచేయాలి. నడిచిన రోజున చిన్నవాడు తీసుకుపోవాలి. ఆ తర్వాత ఒకరి గడప ఒకరు తొక్కాల్సిన పనే ఉండదు.

అలా తమ్ముడు రోజూ సాయంత్రం తన కళ్ళద్దాల షాపు కట్టేసి, అన్న ఇంటి వెనక షెడ్డుకి రావడం మొదలైంది. ఇంజను విప్పారు, రంగు వేశారు, సీటు కుట్టించారు. మొదట్లో పానా ఇవ్వు, గుడ్డ ఇవ్వు అన్నవి తప్ప మాటల్లేవు. పోనుపోను తిట్టుకునేంత చనువొచ్చింది. అన్నీ కుదిరాయి గానీ, ఈ కార్బురేటరే కొరకరాని కొయ్యయి కూర్చుంది.

వీధి చివర మెకానిక్‌ని పిలిచారు. నోరు మూతపడదు కాబట్టి అతన్ని అందరూ సైలెన్సర్ అంటారు. కార్బురేటర్ అడుగు గిన్నెలో పెట్రోలు నిండితే ఫ్లోటు పైకి తేలి, సూదిని నెట్టి పెట్రోలొచ్చే కన్నం మూయాలట. ఆ కన్నంలో నలకంత పోగు ఇరుక్కున్నా సూది ఆనదు, పెట్రోలు ఆగదు. అతను కొత్త సూది వేశాడు. ఫ్లోటుని చెవి దగ్గర ఊపి చూసి, చిల్లి లేదన్నాడు. పైపులో ఫిల్టరు పెట్టాడు. అయినా గిన్నె విప్పినప్పుడల్లా నూలుపోగొకటి కనబడుతూనే ఉంది.

"ఫిల్టరుండగా పోగు పైనుంచి రాదు మాస్టారూ," అన్నాడు సైలెన్సర్, ఆ ఒక్కరోజు మాత్రం గొంతు తగ్గించి. అన్న బడిలో లెక్కల మాస్టారు. "గిన్నె స్క్రూలు చూడండి, ఎలా అరిగిపోయాయో. ఎవరో విప్పుతున్నారు."

అన్న తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు అన్న వైపు చూశాడు.

పోగు తీసేస్తే బండి చక్కగా స్టార్టయ్యేది. కానీ దారిలో కారితే మంటలంటుకుంటాయని, రేపు ఇంకోసారి చూసి తీసుకెళ్తాననీ అనేవాడు తమ్ముడు. అన్న అడ్డు చెప్పేవాడు కాదు.

ఒకరోజు గిన్నెలోంచి రెండు పోగులు బయటపడ్డాయి. అన్నకి అసలు అనుమానం అప్పుడు మొదలైంది. మర్నాడు ఆయన కార్బురేటర్ జోలికే వెళ్ళలేదు. అయినా సాయంత్రం కారింది. షెడ్డు తాళంచెవి ఆయన దగ్గరొకటి, తమ్ముడి దగ్గరొకటి. ఇంకెవరు?

ఎందుకు చేస్తున్నట్టు? మాస్టారు బుర్ర బద్దలు కొట్టుకుని తేల్చుకున్నాడు. బండి దేనికీ పనికిరాదని అత్తయ్య ముందు చూపించి, ఇంట్లో వాటా అడగడానికే. ఆ ఆలోచన రాగానే ఇన్నాళ్ళూ వాడి పక్కన కూర్చుని తాగిన టీలన్నీ చేదనిపించాయి.

ఉండబట్టలేక అడిగేశాడు. "ఒరేయ్, నిజం చెప్పు. నువ్వే కదూ?"

తమ్ముడి మొహం జేవురించింది. "నాకొచ్చే బండిని నేనెందుకు చెడగొట్టుకుంటానన్నయ్యా? ఇవ్వడం ఇష్టంలేనివాళ్ళు చెడగొడతారు గానీ."

ఇద్దరూ మొహాలు మాడ్చుకున్నారు. టీ తెచ్చిన అన్న భార్య గ్లాసులు అక్కడ పెట్టి, మీ ఇద్దరి పోరుకన్నా పెట్రోలు కంపే నయమని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది.

సంగతి మేనత్త దాకా పోయింది. ఆదివారం పొద్దున్నే తనే వస్తున్నానంది. తన కళ్ళముందే ట్యాపు తిప్పాలి, కారకపోతే చిన్నవాడు ఆ క్షణమే బండెక్కి వెళ్ళిపోవాలి, ఇక ఈ గొడవ తన చెవిన పడకూడదు అని ఫోన్లో ఖరాఖండీగా చెప్పేసింది. శనివారం సైలెన్సర్ దగ్గరుండి అంతా శుభ్రం చేసి బిగించాడు. ఇంజను కమ్మగా పలికింది. అన్నదమ్ముల్లో ఒక్కరి మొహంలోనూ నవ్వు లేదు.

ఆదివారం తెల్లవారగానే అన్న షెడ్డు వైపు నడిచాడు. తలుపు తీసే ఉంది. తమ్ముడు చేతులు తుడుచుకుంటూ లోపలినుంచి వస్తున్నాడు. అన్నని చూసి గతుక్కుమన్నాడు.

"టైర్లలో గాలి చూద్దామని," అన్నాడు, అడక్కుండానే. వదిన లేచిందా అంటూ వంటింటి వైపు జారుకున్నాడు.

దొంగ దొరికాడనుకున్నాడు అన్న. అత్తయ్య రాగానే సాక్ష్యం ఆవిడ చేతిలో పెడితే సరి, ఇక వాడు జన్మలో నోరెత్తలేడు. కింద కూర్చుని గబగబా స్క్రూలు విప్పాడు. అనుకున్నంతా అయింది. సూది మొన దగ్గర, కళ్ళద్దాలు తుడిచే మెత్తటి గుడ్డ పోగొకటి ఇరికించి ఉంది. సాక్ష్యంగా దాన్ని బయటికి లాగబోయి, సగంలో వదిలేశాడు.

వీధిలో మేనత్త కారు ఆగిన చప్పుడైంది.

అన్న ఎప్పటిలాగే చొక్కా జేబులో పెట్టుకుని తెచ్చిన తన నూలుపోగుని అవతల పారేసి, తమ్ముడి పోగుని ఉన్నచోటే సర్ది, గిన్నె బిగించేశాడు.