చవితినాటి అబద్ధం

ఈసారి నాగుల చవితినాడు బుజ్జిబాబు వీధి తలుపు తీయదలచుకోలేదు.

ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో పాములు పెంచే తెలుగువాడు అతనొక్కడే. రైల్వే వర్క్‌షాప్‌లో డ్యూటీ దిగి, సబ్బుతో చేతులు కడుక్కుని వెనక గదిలో దూరాడంటే, అతని భార్య పూజ, అన్నానికి పిలిచి పిలిచి విసిగిపోవాల్సిందే.

గదినిండా అద్దాల పెట్టెలు. అన్నీ విదేశీ రకాలే. విషం లేనివి, అనుమతి ఉన్నవి.

నల్లటి కింగ్ స్నేక్ కుబుసం విడిస్తే కొసదాకా చిరగకుండా మేజోడులా ఊడొచ్చేది. దాన్ని వెలుతురులో పట్టి చూడటం బుజ్జిబాబుకి పండగ. నారింజరంగు కార్న్ స్నేక్ వేళ్ళ సందుల్లోంచి నీళ్ళలా జారిపోయేది. ఈమధ్యే వర్క్‌షాప్ స్నేహితుడు తీతు పక్కనున్న హిజ్లీ నుంచి తెచ్చిచ్చిన పసుప్పచ్చ బాల్ పైథాన్ మాత్రం మణికట్టుకు చుట్టుకుని, అరచేతిలో తల పెట్టి పడుకునేది. ఆ చల్లటి బరువు చేతిమీద ఉంటే చాలు, వర్క్‌షాప్ రొదంతా చెవుల్లోంచి దిగిపోయేది.

ఎర్ర పట్టీల మిల్క్ స్నేక్ కూడా ఒకటి ఉండేది. కిందటి చవితిదాకా.

పాలు పోయడానికి పుట్టలు దొరకడం లేదని ఆ రోజు వీధిలో పెద్దావిడ సుజాతమ్మ, పేటలో ఆడవాళ్ళని వెంటేసుకుని వచ్చింది.

"పాలు తాగవు పిన్నీ. పడవు వాటికి."

"పేరే మిల్క్ స్నేక్ అంటన్నావు, పాలు తాగదంటావేటిరా ఎర్రోడా!"

అందరూ నవ్వారు. అతను అడ్డుపడేలోగా ఆవిడ ఉగ్గుగిన్నెతో దాని నోట్లో పాలు పోసేసింది.

అది బతకలేదు.

అందుకే ఈ ఏడు గొళ్ళెం పెట్టుకుని కూర్చున్నాడు. ఇంకొకటి పోతే తట్టుకోలేడు.

"దేవుణ్ణి ఇంట్లో పెట్టి గడియేసినాడే! నీకు పుణ్యం లేదురా!" సుజాతమ్మ వీధిలోంచి శాపనార్థాలు పెట్టి, మందను తోలుకుని వెళ్ళిపోయింది.

అందరూ పోయారనుకుని తలుపు తీశాడు.

వాకిట్లో కుళాయి దగ్గర ఒకావిడ. ఈ పేట మనిషి కాదు. అక్కడున్న సబ్బుబిళ్ళ తీసుకుని మోచేతులదాకా రుద్ది కడుక్కుంటోంది.

మడి కాబోలు అనుకున్నాడు.

"బాబూ, ఆ పసుప్పచ్చవోడు మీ కాడే ఉన్నాడంట. ఒక్కసారి సూపిస్తారా?"

"ఏటీ లేదు. ఎళ్ళండమ్మా."

"పాలు తేలేదు బాబూ. ఒక్కసారి ముట్టుకుని ఎలిపోతాను. మా అబ్బాయి..."

"తెలుసు. పెళ్ళవలేదు, లేపోతే పిల్లల్లేరు. అంతేనా? దోషముంటే కాళహస్తి ఎళ్ళండి. ఇది గుడి కాదు."

ఆవిడ కదల్లేదు.

"ఒట్టి సేతుల్తోనే ఒచ్చినాది కదా. సూపించేస్తే ఏటి పోయింది?" పూజ లోపల్నుంచి గొణిగింది.

"ఈవిడకి సూపిస్తే సాయంత్రానికి పేటంతా దిగుద్ది. నువ్వూరుకో."

ఇటు తిరిగి, నోటికొచ్చింది అనేశాడు.

"ఆ పసుప్పచ్చది సచ్చిపోయినాదమ్మా."

ఆవిడ చేతుల మీద నీళ్ళింకా ఆరలేదు.

"ఎప్పుడు బాబూ?"

"మొన్న."

"ఏటయ్యింది?"

"తిండి మానేసినాది."

"ఎక్కడ పాతినారు?"

బట్టలుతికే బండ పక్కన ఖాళీ మట్టి చూపించాడు.

ఆవిడ వెళ్ళి అక్కడ కూలబడింది. దండం పెడుతుందనుకున్నాడు. పెట్టలేదు. రెండు చేతులూ మట్టిమీద పరిచి, నిద్రపోతున్న పసివాడి వీపు నిమిరినట్టు నిమిరింది. చాలాసేపు నిమిరింది.

తర్వాత లేచింది.

"బాగానే సూసుకునుంటారు. మీరు మాత్రం ఏటి సేస్తారు బాబూ."

చేతులకంటిన మట్టి దులుపుకోకుండానే వెళ్ళిపోయింది.

బుజ్జిబాబు వెనక గదిలోకి వెళ్ళి పసుప్పచ్చదాన్ని తీశాడు. అది ఎప్పట్లాగే మణికట్టుకు చుట్టుకుంది. ఎందుకో ఇవాళ ఆ బరువు మోయబుద్ధి కాలేదు.

"దీని పేనం కోసమే కదా ఆ అబద్ధమాడినాను" అన్నాడు.

"నేనేటి అనలేదు కదా. నాకెందుకు సెప్తన్నావు?" అంది పూజ.

అతను పామును పెట్టెలో పెట్టి వీధిలోకి పరిగెత్తాడు. ఈ చివర లేదు. ఆ చివరా లేదు. సైకిలేసుకుని సందులన్నీ తిరిగాడు. ఎవరినీ పేరుతో అడగడానికి లేదు. ఆవిడ పేరే అడగలేదు తను.

ఇల్లు చేరేసరికి ఫోను మోగింది. తీతు.

"అన్నా, నీ కాడికి హైమవతని ఒకావిణ్ణి పంపినాను. పొద్దున్న ఫోన్ ఎత్తలేదు నువ్వు. మీ ఇంట్లో ఏటయ్యింది?"

"ఏటవ్వాలి?"

"పలాస నుంచి ఒచ్చి దిగినప్పుడు నవ్వు మొహంతోనే ఉందన్నా. ఇప్పుడు రైలెక్కించినాను, మాటా పలుకూ లేదు. 'ఇంకేటీ మిగల్లేదురా తీతూ' అన్నాది. అంతే. బండి కదిలిపోయినాది."

బుజ్జిబాబు బట్టలుతికే బండ పక్కకి చూశాడు.

"ఎవర్రా ఆవిడ?"



"సచ్చిపోయినోడి పామంటే వదిన గుమ్మం తొక్కనివ్వదని నీకప్పుడు సెప్పలేదన్నా... ఆ పసుప్పచ్చదాన్ని హిజ్లీలో పిల్లప్పట్నుంచి అరసేతిలో పెట్టుకుని పెంచిన కుర్రోడికి, ఆవిడ తల్లి."