నాలుగు నిమిషాల మొలక

విత్తనం మొలకెత్తే పాఠానికి మా బళ్లో ఇప్పుడు నాలుగు నిమిషాలు చాలు. పిల్లలు పాఠాల కళ్లద్దాలు పెట్టుకుని గాల్లో వేలు పక్కకి జరిపితే మూడు రోజులు గడిచిపోయి, కళ్లముందే మొలక లేస్తుంది. సిలబస్ అవ్వట్లేదు, ఆ మూడు రోజుల్నీ కుదించండి మహాప్రభో అని అర్జీ పెట్టింది నేనే. నా బుద్ధి గడ్డి తింది.

సోమవారం ఏడో తరగతి హిమజ మొహం చిన్నబుచ్చుకుని వచ్చింది.

"టీచర్, ఇంట్లోంచి నిజం పెసలు తెచ్చి తడిగుడ్డలో కట్టాను. ఇంటర్వెల్ అంతా చూశాను. ఒక్కటీ మొలవలేదు. చచ్చిపోయినట్టున్నాయి, కుళాయి దగ్గర పారేశాను."

నాకు నవ్వొచ్చింది. రేపు వివరంగా చెబుదాంలే అనుకున్నాను. రేపటికి ఇంకో పాఠం ఉంది. మర్చిపోయాను.

గురువారం చేతులు కడుక్కుంటుంటే, కుళాయి కింద బురదలో తెల్లటి తోకలతో పెసలు కనిపించాయి. పరుగున వెళ్లి హిమజని లాక్కొచ్చాను.

"చావలేదే పిల్లా! ఇవి నీ పెసలే!"

హిమజ గొంతుక్కూర్చుని ఆశగా చూసింది. కాసేపటికి మొలక మీదుగా గాల్లో వేలు పక్కకి జరిపింది. మళ్లీ జరిపింది. కళ్లద్దాలు లేవని గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఆకు ఎప్పుడొస్తుంది టీచర్?"

"రేపో ఎల్లుండో వస్తుందమ్మా. రోజూ వచ్చి చూద్దాం."

"అన్ని రోజులా?" అంది, నేనేదో శిక్ష వేసినట్టు.